కృష్ణమృగము – కడలి: 'విశాఖపట్నం' యుద్ధనౌకా లాంఛన విచారము

భారత నౌకాదళమున 'విశాఖపట్నం' అను యుద్ధనౌక 2021 నవంబరు 21వ తేదీన ముంబయి రేవునందు ప్రవేశపెట్టబడినది. మజగావ్ డాక్ నౌకానిర్మాణశాలలో రూపొందిన ఈ డిస్ట్రాయరు 163 మీటర్ల పొడవును, ఇంచుమించు 7,400 టన్నుల భారమును కలది. తన తరగతి కంతటికిని ఇదియే పేరిచ్చినది. దీని వెనుక మార్ముగావ్ (2022), ఇంఫాల్ (2023), సూరత్ (2025) అను మూడు సోదరనౌకలు వచ్చినవి. ఈ నాలుగు నగరములు దేశపు నాలుగు దిక్కులకు ప్రతినిధులుగా ఎన్నుకొనబడినవి.

నౌకకు పేరువలెనే లాంఛనమును కలదు. అందు నీలశ్వేతవర్ణములగు సముద్రతరంగములు, విశాఖ రేవునకు కావలియైన డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభము, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగమగు కృష్ణజింక చిత్రింపబడినవి. ధ్యేయవాక్యము 'యశో లభస్వ'. ఇది భగవద్గీత పదునొకండవ అధ్యాయమునుండి గ్రహింపబడినది. దీపస్తంభము నగరమునకు గుర్తు, జింక చురుకుదనమునకు గుర్తు, వాక్యము విజయకాంక్షకు గుర్తు అని సాధారణముగా చెప్పబడు వివరణము. ఈ వివరణము తప్పు కాదు, కాని చాలదు.

శాస్త్రసాహిత్యము నెఱిగినవానికి ఈ చిహ్నములు ఒకే ఫలకముమీద కలిసియుండుట సహజముగా తోచదు. కృష్ణమృగము ధర్మశాస్త్రములలో పుణ్యభూమికి ఎల్ల గీచిన జంతువు. సముద్రయానము అవే శాస్త్రములలో పతనహేతువుగా గణింపబడిన కార్యము. ఆ నగరమున్న కళింగదేశమో, ఒకప్పుడు అడుగుపెట్టినవానికి ప్రాయశ్చిత్తము విధింపబడిన నేల. ఈ విరోధమును గుర్తింపక లాంఛనమును అలంకారముగా మాత్రమే చూచినచో దాని అర్థము సగము జారిపోవును. విరోధమును ఎత్తిచూపి, సమన్వయించి చెప్పుట ప్రాచ్యవిద్యాభ్యాసకుల పని. ఆ పని జరుగుట లేదనుటయే ఇందలి ఆక్షేపము.

లాంఛనవిద్య ఐరోపాలో పండ్రెండవ శతాబ్దమున కుదురుకొన్నది. శిరస్త్రాణముతో ముఖము కప్పుకొన్న యోధుని గుర్తించుటకు డాలుమీది బొమ్మ ఉపకరించినది. ఆ బొమ్మ క్రమముగా వంశపారంపర్యమైన హక్కుగా మారినది. బ్రిటిష్ నౌకాదళము ప్రథమ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, 1918-19 ప్రాంతమున, ఓడల చిహ్నములను ఒక సంఘము పర్యవేక్షణక్రింద క్రమబద్ధము చేసినది. ఆ పద్ధతియే వలసపాలనలో ఇచటి నౌకలకును సంక్రమించినది. 1950 జనవరి 26న గణతంత్రము ఏర్పడుటతో రాజకిరీటము స్థానమున అశోకస్తంభ సింహములు వచ్చినవి. 2022 సెప్టెంబరు 2న నౌకాదళ ధ్వజమునుండి సెయింట్ జార్జి శిలువ తొలగి, శివాజీ ముద్రను తలపించు అష్టకోణము చేరుట ఈ మార్పులో తరువాతి మెట్టు. ఆ ధ్వజముపైనున్న దళధ్యేయవాక్యము వరుణుని శుభమర్థించునది. దానిని సూచించినవారు చక్రవర్తుల రాజగోపాలాచారి. చట్రము పరదేశీయము, అందుంచిన వస్తువు స్వదేశీయము అని ఈ చరిత్ర సారాంశము.

అట్లని చిహ్నమువలన వీరుని గుర్తించుట ఈ దేశమునకు క్రొత్త కాదు. మహాభారతమున అర్జునునిది కపిధ్వజము, భీష్మునిది తాళధ్వజము, దుర్యోధనునిది నాగధ్వజము. ద్రోణుని ధ్వజముపై వేదిక, కమండలువు ఉన్నవి. విల్లు పట్టిన బ్రాహ్మణుని రథముమీద యజ్ఞవాటికకు తగిన వస్తువులు! అక్కడ చిహ్నము బలమును మాత్రమే చాటుట లేదు. ఆ వీరుని బ్రదుకునందలి వైరుధ్యమును కూడ చాటుచున్నది. చాళుక్యుల వరాహలాంఛనము నీట మునిగిన భూమిని పైకెత్తిన కథను రాజముద్రికలో నిలిపినది. ఓడల విషయమున భోజుని పేర బరగు యుక్తికల్పతరువు, నౌకాముఖమున సింహము, మహిషము, నాగము, గజము, వ్యాఘ్రము, పక్షి, కప్ప, మనుష్యుడు అను ఎనిమిది రూపుల నుంచవచ్చునని చెప్పినది. ఆ ఎనిమిదింటిలో జింక లేదు. బెదురుగొడ్డుగా పేరుపడిన జంతువును యుద్ధనౌకకు గుర్తుగా నిలుపుట క్రొత్త ఎన్నిక. రాష్ట్రమృగమగుట దానికి కారణమని చెప్పుట తేలిక. కాని కారణము వేరు, అర్థము వేరు.

మొదట పేరును పరిశీలింపవలెను. స్థలపురాణము విశాఖపట్నమను పేరును వైశాఖేశ్వరాలయముతో ముడిపెట్టును. ఆ ఆలయము సముద్రగర్భమున కలిసినదని స్థానికుల విశ్వాసము. అది నక్షత్రనామమనియు, బౌద్ధగాథలలోని విశాఖ పేరనియు తలచువారును కలరు. కులోత్తుంగచోళపట్టణమను నామాంతరము శాసనములలో కనిపించుచున్నది. రాజు పేరు రాజుతో పోయినది, జనుల నోటి పేరు నిలిచినది. వీనిలో మూలమేదియో తేల్చుట వేరొక వ్యాసమునకు తగిన పని. ఆ పదము యుద్ధనౌకకు పేరైనపుడు ఏమి పలుకునో చూచుటయే ఇచట ప్రస్తుతము.

అమరసింహుడు విశాఖశబ్దమును కుమారస్వామి పర్యాయములలో చేర్చినాడు. భారతారణ్యపర్వమున ఇంద్రుని వజ్రము స్కందుని కుడిపార్శ్వమున తాకగా, ఆ వజ్రప్రవేశమువలన శక్తిని ధరించిన మఱియొక యువకుడు పుట్టి విశాఖుడైనాడని కథ. పతంజలి మహాభాష్యమున శివుడు, స్కందుడు, విశాఖుడు వేర్వేరుగా పేర్కొనబడిరి. కుషాణరాజగు హువిష్కుని నాణెములపై విశాఖుని పేరు గ్రీకు లిపిలో 'బిజాగో' అయినది. పెక్కు శతాబ్దముల తరువాత ఆంగ్లేయుల నోట నగరము పేరు 'వైజాగ్' అగుట కాకతాళీయమే. అయినను పరభాషీయుల నాలుకపై ఆ పదము పడిన పాట్లు ఒక్కతీరుననే ఉండుట గమనింపదగినది.

దెబ్బ తగిలిన చోటనుండి పుట్టిన సేనాని పేరు యుద్ధనౌకకు మిక్కిలి తగినది. గీత పదవ అధ్యాయమున శ్రీకృష్ణుడు సేనానులలో స్కందుడు తాననియు, జలాశయములలో సాగరము తాననియు ఒకే శ్లోకార్ధమున చెప్పినాడు. నౌక పేరు సేనానిది, దాని తావు సాగరము, దాని ధ్యేయవాక్యము ఆ వెంటనే వచ్చు అధ్యాయమునది. పేరు పెట్టినవారు ఇంత తలచియుండకపోవచ్చును. కాని కవి తలపని ధ్వనిని వ్యాఖ్యాత చూపుట అలంకారశాస్త్రమునకు క్రొత్త కాదు.

ఉత్తరపదమగు పట్టనము కూడ ఊరకే వచ్చినది కాదు. మచిలీపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, కృష్ణపట్నము మొదలగు తీరస్థలములన్నియు ఓడలరేవులే. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నావధ్యక్షుని విధులు చెప్పుచు, పట్టనాధ్యక్షుడు ఏర్పరచిన పణ్యపట్టన మర్యాదలను అతడు పాటింపవలెననినాడు. దానితో నిలువక, గాలిదెబ్బకు త్రోవ తప్పివచ్చిన ఓడను తండ్రివలె ఆదుకొనవలెనని కూడ విధించినాడు. పట్టనమనగా సుంకము వసూలుచేయు చోటు మాత్రమే కాదు, ఆపన్నుడైన నావికునకు ఆశ్రయము కూడ అని దీనివలన తేలుచున్నది. లాంఛనమునందలి దీపస్తంభమునకు సరియైన వ్యాఖ్య ఇదియే. దీపస్తంభము స్వపక్షపు ఓడకు, పరపక్షపు ఓడకు ఒకే వెలుగు నిచ్చును.

ఇక కృష్ణమృగము. మనుస్మృతి రెండవ అధ్యాయమున కృష్ణసారము స్వభావముచేత సంచరించు దేశము యజ్ఞార్హమనియు, దానికావలిది మ్లేచ్ఛదేశమనియు చెప్పబడినది. యాజ్ఞవల్క్యస్మృతియు కృష్ణమృగమున్న దేశపు ధర్మములను తెలుపుచున్నట్లు ఆరంభమగును. బౌధాయనుడు భాల్లవుల గాథను పేర్కొనుచు, కృష్ణమృగములు తిరుగునంతమేర బ్రహ్మవర్చసము కలదనినాడు. అదే బౌధాయనుడు కళింగమునకు పోయినవాడు పాదములతో పాపము చేసినవాడగుననియు, వానికి వైశ్వానరహవిస్సు శుద్ధిహేతువనియు విధించినాడు. సముద్రయానమును ఒకచోట ఉత్తరదేశీయుల ఆచారములలో లెక్కించి, మఱియొకచోట పతనీయములలో దానిని మొట్టమొదట నిలిపినాడు. ఉత్తరాంధ్రతీరము ప్రాచీన కళింగములోనిది. భీమునిపట్నమువద్ద నౌకాదళమువారి స్థావరమునకు 'కళింగ' అను పేరుండుటయు దానినే స్మరింపజేయుచున్నది. ఇట్లు ఎల్లలోపలి మృగము, ఎల్లవెలుపలి దేశము, నిషిద్ధమైన సముద్రము అను మూడును ఈ ఒక్క ఫలకముమీద కూడినవి. బౌధాయనుడు విడివిడిగా గీచిన గీతలు ఇచట ఒకదానిపై నొకటి పడి చెరిగినవి.

ధర్మసూత్రములను నేటి యుద్ధనౌకకు అన్వయించుట కేవలము పాండిత్యవినోదము కాదా, రాష్ట్రమృగము బొమ్మకు ఇంత బరువు మోపనేల అని పూర్వపక్షము చేయవచ్చును. దానికి సమాధానము రెండు విధములు. మొదటిది: కృష్ణజింకను గౌరవమృగముగా ఎన్నుకొనుటకు వెనుకనున్న సంస్కారము ఆ శాస్త్రములనుండియే వచ్చినది. కృష్ణాజినము లేక ఉపనయనము లేదు, దీక్ష లేదు. వేరు నెఱుగక పూవును మాత్రము ధరించుట విద్వల్లక్షణము కాదు. రెండవది: ఆ ఎల్ల శాశ్వతమని శాస్త్రకారులందఱు తలచినవారు కారు. మనుస్మృతికి భాష్యము వ్రాసిన మేధాతిథి, భూమి స్వయముగా దుష్టము కాదనియు, సదాచారుడగు రాజు మ్లేచ్ఛదేశమును గెలిచి అందు వర్ణధర్మమును నెలకొల్పినచో అదియు యజ్ఞార్హమగుననియు వాదించినాడు. ఆ వాదమునందలి సామాజికభావమును నేడు అంగీకరింపనక్కఱలేదు. ఎల్ల నేలలో లేదు, నడవడిలో ఉన్నదన్న అంశమే ఇచట గ్రాహ్యము.

మఱియొక విశేషము కూడ కలదు. కృష్ణజింకలు నేటికిని రాయలసీమయందలి రోళ్లపాడు అభయారణ్యమున స్వభావముచేతనే సంచరించుచున్నవి. మృగలక్షణమును బట్టి ఆ నేల యజ్ఞియమైనచో, పేరుల పట్టికను బట్టి కళింగము వర్జ్యము. ఆ రెండు నేలలును నేడు ఒకే రాష్ట్రమున ఉన్నవి. లక్షణమునకును పట్టికకును కలిగిన ఈ వైరుధ్యమును శాస్త్రములు తీర్పలేదు, చరిత్ర తీర్చినది. శాస్త్రము వలదన్న కాలమునందే తీరవాసులు ఓడలు నడపిరి. తూర్పుతీరమున దొరకిన సాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడ ముద్రింపబడియున్నది. రాజే తన నాణెముమీద ఓడను వేయించిన దేశమున నిషేధము ఎంతవరకు చెల్లినదో ఊహింపవచ్చును.

ధ్యేయవాక్యమును విచారించినపుడు మఱింత జాగరూకత అవసరము. 'లభస్వ' అనునది లోట్, మధ్యమపురుష, ఏకవచనము. ఆత్మనేపదమును చూచి, ఫలము కర్తకే చెందవలెనన్న భావము ఇందున్నదని కొందఱు ఉత్సాహముతో చెప్పవచ్చును. అది నిలువదు. లభధాతువు అనుదాత్తేత్తగుటచేత నిత్యాత్మనేపది. ఫలము కర్తృగామి యగుట ఇచట కారణము కాదు. యశఃకీర్తులను అమరుడు పర్యాయములుగా చెప్పినను, దానాదులవలన కలుగునది కీర్తియనియు, శౌర్యాదులవలన కలుగునది యశస్సనియు పెద్దలు విభజించిరి. యుద్ధనౌకకు యశశ్శబ్దము తగినదే.

అయితే ఆ రెండు పదములను శ్లోకమునుండి కోసి తెచ్చినపుడు వెనుక మిగిలినదేమి? విశ్వరూపమును చూచి వణకుచున్న అర్జునునితో, లెమ్ము, యశస్సును పొందుమని భగవానుడు చెప్పుచున్నాడు. అదే శ్లోకపు ఉత్తరార్ధమున, వీరందఱు నాచేత ముందే చంపబడినవారు, నీవు నిమిత్తమాత్రుడవు కమ్ము అని ముగించుచున్నాడు. యశస్సును పొందుమను ఆజ్ఞ, కర్తృత్వము నీది కాదను హెచ్చరిక ఒకే శ్లోకమున పుట్టిన కవలలు. ఒకదానిని ఫలకముపై చెక్కి రెండవదానిని మఱచినచో ఆ వాక్యము అహంకారమునకు ఊత యగును. రెండును కలిపి చదివినచో అది ఆయుధధారికి అత్యంతావశ్యకమైన వినయబోధ యగును. ధ్యేయవాక్యము చిన్నదిగా ఉండవలెననుట నిజమే. ఫలకముమీద శ్లోకమంతయు చెక్కించుమని ఎవరును కోరరు. చెక్కినది రెండు పదములే యైనను, బోధింపవలసినది పూర్తి శ్లోకము.

ఇది కేవలము ఊహాజనితమైన భయము కాదు. 1961లో నౌకాదళమున చేరిన 'విక్రాంత్' నౌకకును, అదే పేరుతో 2022లో ప్రవేశించిన నౌకకును ధ్యేయవాక్యము ఋగ్వేదము మొదటి మండలము ఎనిమిదవ సూక్తమునుండి వచ్చినది. అందలి క్రియ 'జయేమ'. అది లిఙ్, ఉత్తమపురుష, బహువచనము. ఇంద్రుని తోడ్పాటు కోరుచు 'మేము జయింతుము గాక' అని సమూహముగా చేసిన ప్రార్థన అది. ప్రచారములోనున్న ఆంగ్లానువాదమో, నన్నెదిరించువారిని నేను ఓడింతును అను భావమున ఏకవచనమున, వర్తమానకాలమున ఉన్నది. బహువచనము ఏకవచనమైనది, ప్రార్థన ప్రగల్భమైనది. పలువురు నావికులు ప్రాణములొడ్డి నడుపు ఓడమీద 'మేము' పోయి 'నేను' మిగులుట వ్యాకరణదోషము మాత్రమే కాదు, భావదోషము కూడ. ప్రాథమిక పాఠములు చదివిన విద్యార్థియు పట్టగల ఈ దోషము దశాబ్దములపాటు చెలామణి యగుట, సంస్కృతము తెలిసినవారు సంస్కృతవాక్యముల చెంతకు పోకపోవుటచేతనే.

'యశో లభస్వ' అను వాక్యమునకు తెలుగునేలమీదనే ఒక గొప్ప వ్యాఖ్యానము రాతిలో చెక్కబడియున్నది. అది కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనము. శా.శ. 1166, అనగా క్రీ.శ. 1244-45. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలోనిది. పూర్వరాజులు తుపానున చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకునంతయు బలాత్కారముగా లాగుకొనెడివారనియు, తాను దయతో, కీర్తికొఱకును ధర్మముకొఱకును క్లుప్తసుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నాననియు ఆ రాజు ప్రకటించినాడు. ప్రాణములకు తెగించి సముద్రయానము చేసినవారియెడ కనికరమే ఆ శాసనమునకు ప్రాణము. సముద్రయానమును పతనీయమన్న సూత్రమునకును, సముద్రయాయికి అభయమిచ్చిన శాసనమునకును నడుమ ఈ జాతి నడచిన దూరమెంతో విచారింపదగినది. కౌటిల్యుని తండ్రివంటి నావధ్యక్షుడు మోటుపల్లిలో రాజైనాడు. సముద్రముమీద కీర్తి ఎట్లు లభించునన్న ప్రశ్నకు, మునిగినవానిని దోచకుండుటవలన, ఆదుకొనుటవలన అని గణపతిదేవుడు సమాధానము చెప్పినాడు.

'విశాఖపట్నం' నౌక చరిత్రలోను దీనికి తగిన ఘట్టము కలదు. 2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖయందు 'మార్లిన్ లువాండా' అను చమురునౌక క్షిపణిదెబ్బ తిని మండసాగినది. అందు 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీయుడు సిబ్బందిగా ఉండిరి. ఆపదలోనున్న ఆ ఓడ పిలుపు నందుకొని 'విశాఖపట్నం' అచటికి చేరినది. దాని అగ్నిమాపకబృందము ఆ ఓడపైకెక్కి, సిబ్బందితో కలిసి గంటల తరబడి మంటలతో పెనగి వానిని అదుపులోనికి తెచ్చినది. శత్రుసంహారమునకై నిర్మింపబడిన నౌకకు ఆ దినమున లభించిన యశస్సు పరరక్షణమువలన వచ్చినది. శౌర్యమువలన యశస్సు, దయవలన కీర్తియన్న పెద్దల విభాగము అచట కరగిపోయినది. పట్టనమను పేరు, దీపస్తంభమను గుర్తు, 'యశో లభస్వ' అను వాక్యము ఆ ఘట్టమున ఏకార్థమును పొందినవి.

ఇట్టి అర్థసంపద లాంఛనమునందు నిక్షిప్తమైయుండగా, అది చురుకుదనమునకు గుర్తను ఒక్కమాటతో విడిచిపెట్టుట న్యాయము కాదు. ఇందు నౌకాదళమువారిని తప్పుపట్టనక్కఱలేదు. వారు పేరు పెట్టిరి, వాక్యమును ఎన్నుకొనిరి. సంస్కృతము నుపయోగించుటలో వారు చూపిన శ్రద్ధ ప్రశంసనీయము. లోపము వ్యాఖ్యాతలయందున్నది. కావ్యములకు టీకలు, టీకలకు టిప్పణులు వ్రాయు విద్వల్లోకము తన కాలమున పుట్టిన సంస్కృతవాక్యములను పట్టించుకొనకపోవుట విచారకరము. నౌకలు, సేనావిభాగములు, విశ్వవిద్యాలయములు, ప్రభుత్వసంస్థలు ధరించిన ధ్యేయవాక్యములు ఎన్నియో కలవు. వానికి ఆకరము, పదవిభాగము, ప్రకరణము, పూర్వాపరసంగతి, సరియైన తెలుగు తాత్పర్యము కూర్చిన గ్రంథమొకటి అవసరము. భాషాప్రవీణ, విద్యాప్రవీణ తరగతుల విద్యార్థులకు ఒక్కొక్క వాక్యమును పరిశోధనాంశముగా ఇచ్చినచో, వ్యాకరణము పరీక్షకొఱకు కాక లోకముకొఱకు చదువుచున్నామన్న స్పృహ వారికి కలుగును. నౌకమీద పనిచేయు యువకునకు తన టోపీమీది పేరు, తన ఫలకముమీది పదము ఏమి చెప్పుచున్నదో తెలియును.

విల్లు పట్టినవానికి కమండలువును గుర్తుచేసిన ధ్వజము ద్రోణునిది. ఆయుధము మోయు నౌకకు యజ్ఞమృగమును గుర్తుచేయు ఫలకము 'విశాఖపట్నం'ది. ఒకప్పుడు ఈ మృగము ఆగినచోట ధర్మము ఆగుననిరి. నేడు అది నౌకనెక్కి ఏడెన్ వఱకు పోయి ఆపన్నుల నాదుకొన్నది. ధర్మపు ఎల్ల ఎచటనున్నదో పునర్విచారము చేయుటకు ఇంతకంటె సదవకాశము లభింపదు. విద్వాంసులు ఆ భారమును వహింతురు గాక.